ఏ ఎలుక, ఏ పరాన్నజీవి, ఏ రోజు? మలేరియాను తట్టుకునే జన్యువుల వేట

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేరుగా బోనుల దగ్గరికి వెళ్దాం.

రెండు బోనులు ఉన్నాయనుకోండి. రెండింట్లోనూ ఒకే రకం నల్ల ఎలుకలు. పూర్తి పేరు సి57బిఎల్/6. ల్యాబుల్లో అందరూ బ్లాక్ సిక్స్ అంటారు. మొదటి బోనులో ఎలుకలకు ప్లాస్మోడియం షబోడి ఏఎస్ అనే పరాన్నజీవిని ఎక్కించాం. ఎనిమిదో రోజు అటూఇటూగా ఎర్రకణాల్లో మూడో వంతుకు పైగా పరాన్నజీవులు చేరతాయి. ఎలుక వెంట్రుకలు నిక్కబొడుచుకుని, వీపు గూనిలా చేసుకుని మూల కూర్చుంటుంది. ఆ తర్వాత మెల్లగా తేరుకుంటుంది. నెల తిరిగేసరికి మామూలుగా గింజలు తింటూ తిరుగుతుంది.

రెండో బోనులో ఎక్కించింది ప్లాస్మోడియం బెర్గై ఆంకా. ఆరు నుంచి పది రోజుల మధ్య ఎలుక తూలడం మొదలెడుతుంది. కాళ్లు పడిపోతాయి, మూర్ఛ వస్తుంది, కోమాలోకి జారి చచ్చిపోతుంది. అప్పటికి దాని రక్తంలో పరాన్నజీవులు చాలాసార్లు ఇరవై శాతం కూడా దాటి ఉండవు. అంటే మొదటి బోనులో బతికి బట్టకట్టిన ఎలుక కంటే తక్కువ!

ఇప్పుడు బ్లాక్ సిక్స్‌కు మలేరియా నిరోధకత ఉన్నట్టా, లేనట్టా? ప్రశ్నే సగం అడిగినట్టు లెక్క. ఏ పరాన్నజీవికి, ఎంత మోతాదుకు, ఏ దారిలో ఎక్కిస్తే, ఏ రోజున, ఏది కొలిస్తే అన్నవి చెప్పకుండా ‘నిరోధకత జన్యువు’ అన్న మాటకు అర్థం లేదు. ఈ రంగంలో జరిగిన గందరగోళంలో సగం అక్కడే పుట్టింది. ఇంకో ఉదాహరణ చూడండి. బాల్బ్/సి అనే తెల్ల ఎలుకకు అదే బెర్గై ఆంకా ఎక్కిస్తే చాలామటుకు మెదడు జబ్బు రాదు. కానీ మూడో వారంలో రక్తం నిండా పరాన్నజీవులతో, రక్తహీనతతో పోతుంది. మొదటి పది రోజుల పట్టికలో అది గెలిచిన ఎలుక. ఇరవై రోజుల పట్టికలో అదీ పోయింది.

ఈ పరాన్నజీవులు ఎక్కడివో ఒక్క మాట. ఇవి మన ఇళ్లలో తిరిగే ఎలుకల జబ్బులు కావు. బెర్గైని 1948లో బెల్జియన్ కాంగోలోని కటంగా ప్రాంతంలో విన్కే, లిప్స్ కనుక్కున్నారు. షబోడిని 1965లో మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో ఇరేన్ లాండో వర్ణించారు. రెండూ అడవి పొదల్లో ఉండే ఆఫ్రికా ఎలుకలవి. ల్యాబు ఎలుకకూ ఈ పరాన్నజీవికీ ఏ తరంలోనూ సావాసం లేదు. కాబట్టి ఇక్కడ కనిపించే తేడాలు మలేరియా ఒత్తిడికి ఎంపికై నిలిచినవి కావు. వేరే కారణాలతోనో, కేవలం యాదృచ్ఛికంగానో ఒక్కో ఎలుక వంశంలో స్థిరపడినవి. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సరే, పని ఎలా జరుగుతుందో చూద్దాం. జన్యుపటం గీయడం కష్టమని చాలామంది అనుకుంటారు. నిజానికి కష్టమంతా ఎలుకకు పరాన్నజీవిని సరిగ్గా ఎక్కించడంలోనూ, సరిగ్గా లెక్కపెట్టడంలోనూ ఉంది. లక్షణాన్ని వంకరగా కొలిస్తే ఎంత ఖరీదైన జీనోటైపింగ్ (ఏ ఎలుకలో ఏ జన్యు రూపం ఉందో చదవడం) చేసినా వంకర సమాధానమే వస్తుంది.

ద్రవ నైట్రోజన్‌లో దాచి ఉంచిన పరాన్నజీవుల స్టాకును కరిగించి ముందు ఒక దాత ఎలుకకు ఎక్కిస్తాం. స్టాకు నుంచి నేరుగా ప్రయోగానికి వెళ్లకూడదు, ఎందుకంటే కరిగించినప్పుడు ఎన్ని పరాన్నజీవులు బతికాయో తెలియదు. దాత రక్తంలో పరాన్నజీవులు పెరుగుతున్న దశలో, శిఖరానికి చేరకముందే, గడ్డకట్టకుండా హెపారిన్ కలిపి రక్తం తీస్తాం. లెక్క చాలా సులువు. దాత రక్తంలో మిల్లీలీటరుకు 800 కోట్ల ఎర్రకణాలున్నాయి, అందులో 20 శాతం సోకినవి అనుకోండి. అంటే సోకిన కణాలు మిల్లీలీటరుకు 160 కోట్లు. ఒక్కో ఎలుకకు 0.2 మిల్లీలీటర్లలో 10 లక్షల సోకిన కణాలు ఇవ్వాలి. అంటే మిల్లీలీటరుకు 50 లక్షలు ఉండాలి. 160 కోట్లను 50 లక్షలతో భాగిస్తే 320. రక్తాన్ని 320 రెట్లు పలచన చెయ్యాలన్నమాట. దీన్ని ఒకేసారి కాకుండా రెండు మెట్లలో చెయ్యండి, అయిదు మైక్రోలీటర్ల రక్తంతో మొదలుపెడితే పిపెట్ తప్పే పెద్ద తప్పవుతుంది. పలచన చేసిన రక్తాన్ని ఐసులో ఉంచి గంటలోపు ఎక్కించెయ్యాలి. ఎనభై ఎలుకలున్న ప్రయోగంలో మొదటి ఎలుకకూ చివరి ఎలుకకూ మధ్య రెండు గంటలు గడిస్తే చివరి వాటికి అందేవి తక్కువ ప్రాణమున్న పరాన్నజీవులు. కణాలు అడుగుకు దిగుతాయి కాబట్టి సిరంజి నింపేముందు ప్రతిసారీ ట్యూబును మెల్లగా తిప్పాలి. ఎలుకలను స్ట్రెయిన్ (వంశం) వారీగా వరసగా కాకుండా కలగలిపి ఎక్కించాలి. లేకపోతే ‘చివరి స్ట్రెయిన్’ నిరోధకత గలదిగా తేలుతుంది. (నవ్వులు)

అదే పరాన్నజీవిని ఎలుక నుంచి ఎలుకకు సూదితో మార్చుకుంటూ పోతే ఇంకో చిక్కు. దోమ మధ్యలో లేకుండా చాలాసార్లు మారిస్తే పరాన్నజీవి మరింత ఉగ్రమవుతుంది, దోమలోకి వెళ్లే గామెటోసైట్లను తయారుచేసే శక్తీ పోవచ్చు. షబోడిని మళ్లీ దోమ గుండా పంపిస్తే ఆ ఉగ్రత తగ్గుతుందని 2013లో ఫిలిప్ స్పెన్స్, జీన్ లాంగ్‌హార్న్ బృందం చూపించారు. అందుకే ఎన్నోసారి మార్చిన రక్తం (ఎన్నో పాసేజ్) అన్నది రాసిపెట్టుకోని ప్రయోగాన్ని రెండేళ్ల తర్వాత మళ్లీ చేస్తే అదే ఫలితం రాకపోవచ్చు. పైగా సూదితో రక్తం ఎక్కించినప్పుడు కాలేయ దశ మొత్తం తప్పిపోతుంది. కాలేయంలో పనిచేసే జన్యువులేవీ ఈ ప్రయోగంలో పట్టుబడవు.

స్టాకులో రహస్య అతిథులు కూడా ఉంటారు. లాక్టేట్ డీహైడ్రోజనేజ్‌ను పెంచే వైరస్ ఒకటి, మైకోప్లాస్మా కోకాయిడిస్ అనే బాక్టీరియా ఒకటి. పాత మలేరియా స్టాకుల్లో రెండూ దొరికాయి. వాటితో వ్యాధి నడకే మారిపోతుంది. పీసీఆర్‌తో పరీక్షించకుండా పాత స్టాకును నమ్మకండి.

ఇక మేత. ఇది నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, ఎలుకకు పాలు మాత్రమే పెడితే మలేరియా అణిగిపోతుందని 1952లో మేగ్రెయిత్ బృందం చూపించారు. పరాన్నజీవికి ఫోలేట్ తయారీకి పారా అమినో బెంజోయిక్ ఆమ్లం కావాలి, పాలలో అది చాలా తక్కువ. కంపెనీ మారి మేత మారితే ఎలుకల జన్యువులు మారినట్టు కనిపించే ప్రమాదం ఉందని దీని అర్థం.

లెక్కింపు. తోక చివర చిన్న చుక్క తీసి, పలచని పూత పూసి, ఆరబెట్టి, మిథనాల్‌లో ముంచి, గీమ్సా అనే రంగు వేస్తాం. ఇక్కడ తప్పులు ఎప్పుడూ అవే. మిథనాల్‌లో నీరు చేరితే ఎర్రకణాల్లో మెరిసే గుంతలు పడతాయి, కొత్తవాళ్లు వాటిని పరాన్నజీవులనుకుంటారు. రంగు కలిపే నీటి పీహెచ్ 7.2 దగ్గర ఉండాలి. ఆమ్లం వైపు జరిగితే నీలం తేలిపోయి పరాన్నజీవి ఒళ్లు కనిపించదు. రంగును వడకట్టకపోతే దాని నలుసులు కణాల మీద కూర్చుంటాయి. ఇక జన్యు ప్రయోగాల్లో అసలు శత్రువు హోవెల్-జాలీ కణికలు. లేత ఎర్రకణాల్లో మిగిలిపోయిన కేంద్రకపు ముక్కలివి. గుండ్రంగా, ముదురు ఊదా రంగులో, చుట్టూ నీలపు జీవద్రవ్యం లేకుండా ఉంటాయి. రక్తహీనత ఉన్న ఎలుకలో ఇవి ఎక్కువ. కణాలను యంత్రంతో లెక్కించే ఫ్లో సైటోమెట్రీలో డీఎన్ఏకు అంటుకునే రంగు వాడితే యంత్రానికి ఈ తేడా అసలు తెలియదు, లేత కణాల్లోని ఆర్ఎన్ఏ కూడా దాన్ని మోసం చేస్తుంది.

ఎన్ని కణాలు లెక్కపెట్టాలి? 500 కణాల్లో ఒక శాతం అంటే 5 పరాన్నజీవులు, దాని మీద ఊగిసలాట 2.2. అంటే ఒక శాతం అని రాసింది అరశాతమో ఒకటిన్నరో కావచ్చు. అదే 30 శాతం దగ్గరైతే 150, ఊగిసలాట పది, ఫర్వాలేదు. శిఖరం దగ్గర 500 చాలు. మొదటి రోజుల్లోనూ తగ్గే రోజుల్లోనూ వేలల్లో లెక్కపెట్టాలి.

ఏ గంటకు రక్తం తీశారన్నది కూడా ముఖ్యమే. షబోడి 24 గంటల చక్రంలో అన్నీ ఒకేసారి పెరుగుతాయి. ముదిరినవి రక్తప్రవాహం వదిలి కాలేయం, ఊపిరితిత్తుల లోపలి నాళాలకు అతుక్కుంటాయి. మామూలు వెలుగు వేళలున్న గదిలో ఎలుకల్లో కణాలు పగిలేది అర్ధరాత్రి ప్రాంతంలో. పొద్దున తీస్తే ఉంగరాల్లాంటి చిన్న దశలు దొరుకుతాయి, లెక్క సరిగ్గా ఉంటుంది. ఒక రోజు పొద్దున, ఇంకో రోజు రాత్రి తీస్తే గ్రాఫు పళ్ల దువ్వెనలా వస్తుంది.

శాతం మాత్రమే చూస్తే ఇంకో మోసం. ఒక ఎలుకకు మిల్లీలీటరుకు 800 కోట్ల కణాలు, 30 శాతం సోకాయి: 240 కోట్ల పరాన్నజీవులు. ఇంకో ఎలుక రక్తహీనతతో ఉంది, 400 కోట్ల కణాలే, కానీ 40 శాతం సోకాయి: 160 కోట్లు. శాతం ప్రకారం రెండోది ఓడింది, సంఖ్య ప్రకారం మొదటిది ఓడింది. రెండూ రాసుకోండి.

ఇప్పుడు జన్యువుల దగ్గరికి.

1980ల మొదట్లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మేరీ స్టీవెన్‌సన్, ఎమిల్ స్కామీన్ రకరకాల ఇన్‌బ్రెడ్ ఎలుకలకు (తరతరాలుగా తమలో తామే కలిపి పెంచినవి) షబోడి ఏఎస్ ఎక్కించి వరసలో పెట్టారు. ఒక చివర బ్లాక్ సిక్స్ నిలిచింది. ఇంకో చివర ఎ/జె అనే తెల్ల ఎలుక: శిఖరం దగ్గర సగానికి పైగా కణాలు సోకి, చాలావరకు పన్నెండు రోజుల్లోపే చనిపోయేది. రెంటినీ కలిపితే పుట్టిన మొదటి తరం పిల్లలు, మనం ఎఫ్1 అంటాం, తట్టుకున్నాయి. అక్కడి నుంచి దారి తెలిసిందే. ఎఫ్1ను తిరిగి ఎ/జెతో కలిపితే బ్యాక్‌క్రాస్, ఎఫ్1లను తమలో తాము కలిపితే ఎఫ్2. వందల పిల్లలకు పరాన్నజీవిని ఎక్కించి, ఒక్కోదాని శిఖర స్థాయి, బతికిన రోజులు రాసుకుని, జన్యుపటం మీద గుర్తులతో పోల్చడం. ఏ క్రోమోజోమ్ ముక్క ఎ/జె నుంచి వచ్చినప్పుడు ఎలుక తరచుగా ఓడుతోందో చూడటం.

ఇక్కడ బలం కొలిచే అంకె ఎల్ఓడీ. 3 అంటే లింకేజీ, అంటే ఆ ముక్కా ఆ లక్షణమూ కలిసి వస్తున్నాయని అనడానికి వెయ్యికి ఒకటి చొప్పున మొగ్గు. కానీ జీనోమ్ అంతా వెతుకుతున్నాం కనుక యాదృచ్ఛికంగానే ఎక్కడో ఒక 3 రావచ్చు. అందుకని లాండర్, క్రుగ్లియాక్ 1995లో చెప్పిన హద్దు ఎలుక బ్యాక్‌క్రాస్‌కు 3.3, ఎఫ్2కు 4.3. శాతాలను నేరుగా కాకుండా లాగరిథమ్ తీసి వాడాలి, లేదంటే రెండు మూడు విపరీతమైన ఎలుకలే ఎల్ఓడీ గ్రాఫులో శిఖరాన్ని సృష్టిస్తాయి.

1997లో ఒకే ఏడాది రెండు ఖండాల నుంచి జవాబులు వచ్చాయి. మెల్‌బోర్న్‌లో సైమన్ ఫుట్ బృందం షబోడి ఆడమీ అనే మరో ఉపజాతితో 9వ, 8వ క్రోమోజోమ్‌ల మీద స్థానాలు పట్టుకుంది. మాంట్రియల్‌లో ఫోర్తాన్, గ్రో బృందం ఏఎస్‌తో 8వ క్రోమోజోమ్‌నే పట్టుకుంది. ఇవే చార్1, చార్2. షబోడి నిరోధకత అన్న ఆంగ్ల మాటల కుదింపే ఆ పేరు. తర్వాత వచ్చిన చార్3 కథ నాకు ఇష్టం. అది 17వ క్రోమోజోమ్‌లో, రోగనిరోధక వ్యవస్థకు కీలకమైన హెచ్-2 ప్రాంతంలో ఉంది. దాని ప్రభావం శిఖరం దాటిన వెంటనే, పరాన్నజీవులు తగ్గే ఒకటి రెండు రోజుల్లో మాత్రమే కనిపిస్తుంది. శిఖరం రోజున ఒక్కసారి స్లయిడ్ తీసి ఊరుకున్నవాళ్లకు ఆ జన్యువు లేనట్టే. రోజూ తీయాల్సిందేనా అని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

అయితే ఇలా దొరికేది జన్యువు కాదు, పొలం. జన్యుపటం మీద దూరాన్ని సెంటీమోర్గాన్లలో కొలుస్తాం. ఇరవై సెంటీమోర్గాన్ల ముక్క అంటే, ఎలుకలో సెంటీమోర్గాన్‌కు సుమారు 20 లక్షల బేస్ జతల చొప్పున, 4 కోట్ల బేస్ జతలు, వందల జన్యువులు. అక్కడి నుంచి ఒక్క జన్యువు దాకా దిగడం ఏళ్ల పని. చార్1, చార్2 విషయంలో ఆ దిగడం చాలాకాలం సాగింది.

గ్రో, స్కామీన్‌ల బృందం వేరే దారి కూడా పట్టింది. ఎ/జె, బ్లాక్ సిక్స్ ఎఫ్1ను ఒకే తల్లిదండ్రి వైపు రెండుసార్లు తిరిగి కలిపారు. మొదట దాత జన్యువులు సగం, బ్యాక్‌క్రాస్‌కు పావు, రెండో బ్యాక్‌క్రాస్‌కు ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం. అక్కడి నుంచి అన్నాచెల్లెళ్లను ఇరవై తరాలు కలిపి స్థిరపరిచారు. ఎ/జె నేపథ్యంలో బ్లాక్ సిక్స్ ముక్కలున్నవి ఏసీబీ స్ట్రెయిన్లు, తిరగేసినవి బీసీఏ స్ట్రెయిన్లు. సులువుగా చెప్పాలంటే: ఒక బస్తా నిండా కలిపిన గింజలను చిన్న చిన్న పొట్లాలుగా విడదీసినట్టు. ఒక్కో పొట్లంలో కొన్ని గింజలే ఉంటాయి కాబట్టి వెతకడం సులువు.

వాటిలో ఏసీబీ55, ఏసీబీ61 అనే రెండు పొట్లాలు విచిత్రంగా ప్రవర్తించాయి. ఎక్కువ భాగం ఎ/జె, చార్1, చార్2 దగ్గర ఓడే రకమే ఉంది. అయినా షబోడిని చక్కగా తట్టుకున్నాయి. ఏసీబీ55ను ఎ/జెతో కలిపి ఎఫ్2 పెంచి చూస్తే 3వ క్రోమోజోమ్ మీద స్థానం పడింది, చార్4. బ్లాక్ సిక్స్ నుంచి వచ్చిన మంచి ముక్క అక్కడ ఉండాలి కదా అని అందరి ఊహ. 2003లో గుండులా మిన్-ఊ, గ్రో బృందం ఆ జన్యువును బయటపెట్టారు: పైరువేట్ కైనేజ్, కాలేయం-ఎర్రకణం రకం. ఏసీబీ55లో ఆ జన్యువు డీఎన్ఏలో 269వ స్థానంలో టీ అక్షరం బదులు ఏ. దానివల్ల ప్రొటీన్‌లో 90వ స్థానంలో ఐసోల్యూసిన్ బదులు ఆస్పరజిన్. ఆ మార్పు ఎ/జెలోనూ లేదు, బ్లాక్ సిక్స్‌లోనూ లేదు! స్ట్రెయిన్లు పెంచే క్రమంలో తనంతట తాను పుట్టిన కొత్త మార్పు అది. ఇద్దరు తల్లిదండ్రుల తేడా కోసం తవ్వితే, ఇద్దరికీ చెందని రాయి దొరికింది.

అది ఎందుకు కాపాడుతుంది? ఎర్రకణంలో మైటోకాండ్రియా ఉండదు. చక్కెరను విరిచి శక్తినిచ్చే ఏటీపీ చేసుకోవడమే దాని బతుకు, ఆ వరసలో చివరి మెట్టు పైరువేట్ కైనేజ్. అది కుంటుపడితే కణం త్వరగా చితికిపోతుంది. ఆ ఎలుకలకు పుట్టుక నుంచీ రక్తహీనత, లేత ఎర్రకణాలు పోగుపడటం, ప్లీహం ఉబ్బడం. నేను ఇందాక లేత కణాలు, హోవెల్-జాలీ కణికలు, శాతం-సంఖ్య అని అంతసేపు చెప్పింది ఇందుకే. సరిగ్గా ఈ ఎలుకల్లోనే ఆ తప్పులన్నీ ఒకేసారి వచ్చి పడతాయి.

ఇక్కడ న్యాయమైన అనుమానం ఒకటుంది. షబోడి ముదిరిన ఎర్రకణాలను ఎక్కువగా ఇష్టపడుతుంది. లేత కణాలు ఎక్కువైతే దానికి దొరికే ఇళ్లే తక్కువ కదా, అంతకుమించి ఏమీ లేదా? ఆ అనుమానానికి కొంత జవాబు మనుషుల రక్తంతో వచ్చింది. 2008లో కొడ్జో ఆయి, కెవిన్ కెయిన్ బృందం పైరువేట్ కైనేజ్ లోపం ఉన్నవారి ఎర్రకణాల్లోకి మనుషుల మలేరియా పరాన్నజీవి ఫాల్సిపారమ్ తక్కువగా చొచ్చుకెళ్తుందనీ, ఉంగర దశ సోకిన కణాలను మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు ఎక్కువగా మింగేస్తాయనీ చూపించారు. జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కదానిలో మాత్రమే లోపం ఉన్నవారిలో కూడా ఆ మింగడం పెరిగింది. అంటే రోగం లేకుండానే కొంత రక్షణ దక్కే వీలుంది.

దీనికి ఒక చెల్లింపు కూడా ఉంది. అదే మార్పున్న ఎలుకలు సాల్మొనెల్లా టైఫిమ్యూరియం దగ్గర ఓడిపోతాయి. రక్తం చితికి విడుదలైన ఇనుము శరీరంలో పోగుపడుతుంది, బాక్టీరియాకు అదే విందు. మలేరియా గదిలో వీరుడు పక్కగదిలో బలి.

ఇంకో జన్యువు, చార్9. ఇది 10వ క్రోమోజోమ్ మీద ఉంది. 2007లో బయటపడింది. ఆ ముక్కలో వనిన్ జన్యువులు వరసగా ఉన్నాయి, అవి పాంటెథినేజ్ అనే ఎంజైమును చేస్తాయి. పాంటెథీన్‌ను విరిచి బి5 విటమిన్‌నూ, సిస్టమీన్ అనే చిన్న గంధకపు అణువునూ ఇస్తుంది. ఎ/జెలో ఆ ఎంజైము పనే కనిపించదు. అయితే ఇది కారణమా, పక్కన నడుస్తున్న బంటా? దాన్ని తేల్చడానికి ఎ/జె ఎలుకలకు సిస్టమీన్‌ను బయటి నుంచి ఇచ్చారు. పరాన్నజీవులు తగ్గాయి, కొంత రక్షణ వచ్చింది. పటం గీయడం మొదలుపెట్టి మందు దాకా చేరిన అరుదైన దారి ఇది. ఆ మందు కొత్తదేమీ కాదు, సిస్టినోసిస్ అనే అరుదైన జబ్బుకు మనుషులకు ఎప్పటి నుంచో ఇస్తున్నదే. ఆర్టిమిసినిన్‌తో కలిపినప్పుడు ఎలుకల్లో దాని బలం పెంచుతుందని కూడా ఆ బృందం తర్వాత చూపించింది.

ఇప్పుడు రెండో బోనుకు, మెదడు మలేరియాకు వద్దాం. ఇక్కడ కథ పూర్తిగా తిరగబడుతుంది. బెర్గై ఆంకాలో బ్లాక్ సిక్స్‌ను చంపేది చాలావరకు దాని సొంత రక్షణ సైన్యమే. సీడీ8 టీ కణాలనే రోగనిరోధక కణాలు మెదడు నాళాల్లో చేరి, కణాలకు రంధ్రాలు పొడిచే పెర్ఫోరిన్‌తో గోడలను దెబ్బతీస్తాయి, నాళాలు కారతాయి. ఎవాన్స్ బ్లూ అనే నీలి రంగును సిరలోకి ఎక్కించి చూస్తే మెదడు నీలంగా మారుతుంది, కంటికే తెలుస్తుంది. అందుకే పెర్ఫోరిన్ తీసేసినా, గామా ఇంటర్‌ఫెరాన్ అనే మంట సంకేతాన్ని తీసేసినా, టీ కణాలే తీసేసినా ఎలుక మెదడు జబ్బు నుంచి బయటపడుతుంది. దాన్ని ‘నిరోధకత’ అనడం భాషకు అన్యాయం. సైన్యాన్ని రద్దుచేస్తే ఊళ్లో కాల్పులు ఆగాయి, అంతే. దొంగ ఇంకా ఊళ్లోనే ఉన్నాడు.

ఈ మార్గంలో కొత్త జన్యువులు కనుక్కోవడానికి గ్రో బృందం ఈఎన్‌యూ అనే రసాయనంతో మగ ఎలుకల వీర్యకణాల్లో యాదృచ్ఛిక మార్పులు పుట్టించి, మూడో తరంలో పిల్లలకు బెర్గై ఆంకా ఎక్కించింది. లెక్క ఇలా ఉంటుంది: మార్పున్న మగ ఎలుకను దాని కూతుళ్లతోనే కలిపితే కూతుళ్లలో సగం మందిలో ఆ మార్పు ఉంటుంది, వాటి పిల్లల్లో నాలుగో వంతుకు జన్యువు రెండు ప్రతుల్లోనూ అది వస్తుంది. మొత్తం మీద ఎనిమిదింట ఒకటి. మిగతావన్నీ రెండో వారం లోపు చనిపోతాయి కాబట్టి బతికినవి స్పష్టంగా కనిపిస్తాయి. లక్షణం ఇంత నలుపు-తెలుపుగా ఉండటమే ఈ పద్ధతికి బలం. అలా బయటపడినవే జాక్3, థెమిస్, సీసీడీసీ88బి, యూఎస్‌పీ15. అన్నీ టీ కణాల పెరుగుదలకో, మంట సంకేతాలకో చెందినవే. జాక్3 లోపం మనుషుల్లో పుట్టుకతో వచ్చే తీవ్రమైన రోగనిరోధక లోపానికి కారణం. ఆ ఎలుకను ఇంకే జబ్బుకైనా వదిలితే ఏమవుతుందో ఊహించుకోండి.

మూడో సంగతి, తట్టుకోవడం. పరాన్నజీవిని తగ్గించడం ఒకటి, దాంతో బతకడం ఇంకొకటి. 2007లో రోబర్గ్, సిమ్, రీడ్ షబోడితో అయిదు ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్లను తూచి, రెంటినీ వేరుచేశారు. పరాన్నజీవుల సంఖ్య పెరిగే కొద్దీ బరువు, ఎర్రకణాలు ఎంత వేగంగా పడిపోతున్నాయన్న వాలును కొలిచారు. ఆ వాలు తక్కువుంటే తట్టుకునే శక్తి ఎక్కువ. తేలిందేమిటంటే, పరాన్నజీవిని బాగా అణిచే స్ట్రెయిన్లు తట్టుకోవడంలో వెనకబడ్డాయి. రెండూ ఎదురెదురుగా ఉన్నాయి. సికిల్ కణాల కథ కూడా ఇక్కడికే వస్తుంది. లిస్బన్ దగ్గర మిగెల్ సోరెస్ బృందం 2011లో సికిల్ హీమోగ్లోబిన్ ఉన్న ఎలుకలకు బెర్గై ఎక్కించినప్పుడు పరాన్నజీవుల సంఖ్య తగ్గలేదు, అయినా ఎలుకలు మెదడు జబ్బుతో చావలేదు. కొద్దికొద్దిగా విడుదలయ్యే హీమ్ వల్ల హీమ్ ఆక్సిజనేజ్-1 అనే ఎంజైము ముందే మేలుకుని ఉంటుంది, అది నష్టాన్ని అదుపులో పెడుతుంది. బాల్బ్/సిలో మెదడు జబ్బు రాకపోవడానికి ఒక కారణం ఆ ఎంజైమేనని అంతకు నాలుగేళ్ల ముందే అదే బృందం చూపించింది.

సమయం తక్కువ ఉంది. ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: సార్, ఒక జన్యువు మీద అనుమానం వస్తే ఆ జన్యువును పనిచేయకుండా చేసిన నాకౌట్ ఎలుక తెచ్చుకుని నేరుగా చూసేయొచ్చు కదా? ఇన్ని క్రాస్‌లు ఎందుకు?

చూడొచ్చండీ. కానీ నాకౌట్ ఎలుక పక్కన ఏముందో చూసుకోవాలి. పాత నాకౌట్లు చాలావరకు 129 అనే స్ట్రెయిన్ మూలకణాల్లో చేసి బ్లాక్ సిక్స్‌లోకి తెచ్చినవి. పదిసార్లు బ్యాక్‌క్రాస్ చేసినా ఆ జన్యువు చుట్టూ సగటున 20 సెంటీమోర్గాన్ల 129 ముక్క మిగులుతుంది. లెక్క సులువు, 200ను బ్యాక్‌క్రాస్‌ల సంఖ్యతో భాగిస్తే వస్తుంది. ఆ ముక్కలో ఉన్న వందల జన్యువుల్లో ఏది మలేరియాను మార్చిందో మీకు తెలియదు. ఇంకా బ్లాక్ సిక్స్ అని రాసి ఉన్నా అది 6జెనా, 6ఎన్‌నా (దానిలోని రెండు ఉపవంశాలు) చూడండి. 6జెలో ఎన్ఎన్‌టీ అనే జన్యువులో ఒక భాగమే తెగిపోయి ఉంది. కాబట్టి పోల్చాల్సింది కొనుక్కొచ్చిన మామూలు ఎలుకతో కాదు. అదే తల్లి కన్న తోబుట్టువుల్లో మార్పు లేనివాటితో, అదే బోనులో పెంచి పోల్చండి. కొత్తగా క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో నేరుగా బ్లాక్ సిక్స్‌లో చేస్తే ఆ 129 బాధ తప్పుతుంది.

ప్రశ్న: ఎలుకల్లో దొరికినవి మనుషులకు ఎంతవరకు వర్తిస్తాయి? మన మన్యంలో సికిల్ సెల్ ఎక్కువ అంటారు, దానికీ దీనికీ సంబంధం ఉందా?

సికిల్ విషయంలో సంబంధం గట్టిదే. మలేరియా ప్రబలిన చోట్ల సికిల్ జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవారికి రక్షణ ఉంటుందని ఆలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికా నుంచి చూపించారు. అల్లూరి జిల్లా, ఆదిలాబాద్ వైపు గిరిజన సమాజాల్లో సికిల్ ఉండటం, అక్కడ మలేరియా చాలాకాలం తిష్ట వేసి ఉండటం ఆ చిత్రంలో సరిపోతాయి. ఎలుక చెప్పిన అదనపు మాట ఏమిటంటే, ఆ రక్షణ పరాన్నజీవిని చంపడం వల్లే రావాలనేం లేదు. కానీ చార్9 లాంటి స్థానాన్ని నేరుగా మనిషి మీదికి దించలేం. ఇందాక మనసులో పెట్టుకోమన్నాను, ఎలుకల తేడాలు మలేరియా ఒత్తిడికి ఎంపికైనవి కావని. మనుషుల్లో తేడాలు వేల ఏళ్ల ఒత్తిడికి నిలిచినవి. కాబట్టి ఎలుకలో పెద్ద ప్రభావం చూపే జన్యువు మనుషుల్లో వైవిధ్యమే లేకుండా ఉండొచ్చు. ఎలుక చూపించేది ఎక్కడ ఏ మీట ఉందో. దాన్ని మనిషిలో ఎవరు ఎటు తిప్పారో మనుషుల రక్తంలోనే వెతకాలి.

ప్రశ్న: ఆడ, మగ రెండూ వాడాలా? ఒక్కటే వాడితే ఖర్చు తగ్గుతుంది.

రెండూ వాడండి, కానీ లెక్కలో వేరుగా ఉంచండి. షబోడిలో మగవి ఎక్కువగా ఓడతాయి. జర్మనీలో వుండర్లిష్ బృందం బి10 అనే స్ట్రెయిన్ ఆడ ఎలుకలకు మూడు వారాలు టెస్టోస్టిరాన్ ఇచ్చి చూస్తే, మామూలుగా తేరుకునే ఆ ఎలుకలు తేరుకోలేక చనిపోయాయి. ఒక గుంపులో మగవి, ఇంకో గుంపులో ఆడవి ఎక్కువ పడితే మీకు దొరికేది ఎక్స్ క్రోమోజోమ్ మీద బ్రహ్మాండమైన శిఖరం, అసలు ఏ జన్యువూ లేకుండానే. ఎనిమిది నుంచి పన్నెండు వారాల వయసులో, ఆడవాటికీ మగవాటికీ ఒకే దాత, ఒకే రోజు, ఒకే చేత్తో ఎక్కించండి. స్లయిడ్లు చదివేవాళ్లకు బోను నంబరు తప్ప ఇంకేమీ తెలియనివ్వకండి.